ఓడల కోసం తవ్విన కాలవ

నంద్యాలకు సముద్రం లేదు. పడమర ఎర్రమల, తూర్పున నల్లమల, నడుమ కుందూ పారే నల్లరేగడి లోయ. ఈ లోయను నెల్లూరు తీరంతో నీటిదారిన కలపాలని, ఇక్కడి పత్తిని పడవల మీద సముద్రానికి చేర్చాలని 1850ల చివర లండన్‌లో ఒక కంపెనీ పుట్టింది. దాని పేరు మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ఆ కంపెనీ తవ్విందే కర్నూలు–కడప కాలవ. మా వైపు ఆ పేరు ఎవరూ పూర్తిగా అనరు. కేసీ కెనాల్ అంటారు, ఇంకా తెలిసినవాళ్లయితే ఉత్త ‘కేసీ’ అంటారు.

నేను ఆ కాలవ మీద పనిచేసిన లస్కరు కొడుకుని. తర్వాత అదే కాలవ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. నంద్యాల అంటే బయటి జనానికి నవనందులు గుర్తొస్తాయి, మహానంది కోనేరు గుర్తొస్తుంది. రాజకీయాలు తెలిసినవాళ్లకు 1977లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గెలిచినా ఇక్కడ ఒక్కచోట జనతా తరఫున గెలిచిన నీలం సంజీవరెడ్డి, 1991 ఉప ఎన్నికలో ప్రధానిగా ఉండి గెలిచిన పి.వి. నరసింహారావు గుర్తొస్తారు. ఆళ్లగడ్డ అంటే అహోబిలం దారి, శిల్పులు. అన్నీ నిజమే. కానీ ఈ రెండు ఊళ్ల గుణం ఎక్కడ తయారైందని నన్నడిగితే, కాలవ గట్టు మీద తయారైందని చెబుతాను. అదీ కాలవ నీళ్లు తీసుకున్నందువల్ల మాత్రమే కాదు, చాలాకాలం వద్దన్నందువల్ల కూడా.

ఆలోచన ఆర్థర్ కాటన్ దొరది. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టి పేరు తెచ్చుకున్నాడు. తుంగభద్ర నీళ్లను పెన్నకు మళ్లించి, అక్కడి నుంచి తూర్పు తీరందాకా పడవలు నడిపితే దత్తమండలాలు బాగుపడతాయని ఆయన గట్టి నమ్మకం. డబ్బు లండన్ వాటాదారులది. పది లక్షల పౌన్ల పెట్టుబడి మీద నూటికి ఐదు వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. అంటే కాలవకు లాభం వచ్చినా రాకపోయినా వాటాదారుడికి వడ్డీ ఆగదు, అది మన పన్నుల్లోంచే పోతుంది. పని మొదలైన రోజుల్లోనే అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. 1861 నుంచి 1865 దాకా అక్కడి పత్తి ఇంగ్లండుకు సరిగా చేరలేదు. లంకషైర్ మిల్లులు మూతపడుతుంటే ఆ మిల్లుదారుల చూపు మన నల్లరేగడి మీద పడింది. మద్రాసు వ్యాపారులు ఈ ప్రాంతపు పత్తిని ‘నార్దరన్స్’ అని పిలిచేవాళ్లు. ఆ బేళ్లు ఎద్దుల బండ్ల మీద వారాల తరబడి వెళ్లేవి. కాలవ పూర్తయితే పడవలో పోతాయి. అదీ లెక్క.

కర్నూలుకు ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. అక్కడి నుంచి మొదలైన కాలవ మిట్టకందాల దగ్గర గట్టును కోసుకుని కృష్ణా వైపు నుంచి పెన్నా వైపుకు దాటుతుంది. నా మటుకు నాకు మొత్తం కాలవలో గొప్ప పని అదే. అటు వాలిన నేలను కోసి నీళ్లను ఇటు వాలేలా చేశారు, అదీ యంత్రాలు లేని రోజుల్లో. ఆ తర్వాత నిప్పులవాగులోకి దిగి, సంతజూటూరు ఆనకట్ట దగ్గర మళ్లీ కాలవై, నంద్యాల పక్కగా, ఆళ్లగడ్డ వైపుగా సాగి, చాగలమర్రి దగ్గర కుందూ మీద రాజోలి ఆనకట్ట, పెన్నా మీద ఆదినిమ్మాయపల్లె ఆనకట్ట దాటి కడపకు చేరుతుంది. మొత్తం 306 కిలోమీటర్లు. దొరల పేర్లు కాగితాల మీద మిగిలాయి. మట్టి మోసిన వడ్డెవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. గట్టు మీద నడిచినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొచ్చేవాళ్లు, ఎందుకంటే ఆ గట్టు ఎక్కడ గట్టిగా కొట్టారో, ఎక్కడ తొందరపడ్డారో వానాకాలంలో గండి పడే చోటు చెప్పేస్తుంది.

1870 ప్రాంతానికి కాలవలో నీళ్లు పారాయి. కాలవ కడప దగ్గరే ఆగిపోయింది. నెల్లూరు దాకా ఎప్పటికీ వెళ్లలేదు. 1866లోనే కంపెనీ డబ్బు అయిపోయి ప్రభుత్వం దగ్గర అప్పు చేసింది. నీళ్లు వచ్చినాక అసలు సమస్య మొదలైంది. రైతులు తీసుకోలేదు.

ఆనాటి అధికారుల రాతల్లో మా రైతు మొండివాడు, పాతకాలపువాడు, తన మేలు తనకు తెలియనివాడు. కడుపు మాడుతున్నా నీళ్లు వద్దంటాడని వాళ్లకు ఆశ్చర్యం. నాకు ఆ మాటల మీద కోపం ఇప్పటికీ తగ్గలేదు. వద్దన్నవాడికి తన నేల తెలుసు కాబట్టే వద్దన్నాడు.

నల్లరేగడి తీరు చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెబుతాను. ఎండాకాలంలో ఆ నేల నెర్రెలు ఇస్తుంది. చేతికర్ర దూర్చితే సగం దాకా పోయేంత లోతు. మొదటి వానలకు నీళ్లన్నీ ఆ నెర్రెల్లోకి దిగిపోతాయి. నేల ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. లోపలికి పోయిన తడి ఇక బయటికి రాదు. ఉత్తర, హస్త కార్తెల్లో పదును చూసి గొర్రుతో హింగారి జొన్న, అంటే రబీ జొన్న వేస్తారు. ఆ తర్వాత వాన పడకపోయినా లోపలి తడి మీద, రాత్రి మంచు మీద పంట వచ్చేస్తుంది. గింజ మనిషికి, చొప్ప ఎద్దుకు. ముంగారిలో కొర్ర వేసుకుంటే ఇంట్లోకి కొర్రన్నం. పత్తి అమ్ముకుంటే శిస్తుకు డబ్బు. ఎవరి దయా అక్కర్లేని ఏర్పాటు అది.

అదే నేలకు కాలవ నీళ్లు పెడితే ఏమవుతుంది? తడి లోపల నిలిచిపోతుంది. ఎద్దు కాలు దిగబడుతుంది. గొర్రు నడవదు, గుంటక నడవదు. తుంగ, గరిక పెరుగుతాయి. నాలుగేళ్లకు పైన తెల్లగా చౌడు పేరుకుంటుంది. వరి వేయాలంటే చేను చదును చేసి మళ్లు కట్టాలి, ఎరువు కావాలి, కూలి కావాలి. వరిగడ్డి ఎద్దుకు జొన్న చొప్పంత బలం ఇవ్వదు. పైగా నీటి తీరువా కట్టాలి, వాన బాగా పడిన ఏడు కూడా. ఇంత చేసినా జనవరి దాటితే తుంగభద్రలో నీళ్లుండవు. నమ్ముకుని నాటినవాడి గతి ఏమిటి? వాన రైతును మోసం చేస్తే రైతు దేవుడితో చెప్పుకుంటాడు. కంపెనీ మోసం చేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

మా అవ్వ పుట్టేసరికి ఇదంతా జరిగి చాలాకాలమైంది. అయినా ఆ రోజుల మాట ఇంట్లో మిగిలింది. చేలో మడవ తెగి రేగట్లోకి నీళ్లు పారితే ‘‘కాలవ నీళ్లు పారితే చేను సచ్చిపోతాదిరా, మూసెయ్యి ముందు’’ అని మా నాయన మీద అరిచేది. మా నాయన కాలవ లస్కరు! నీళ్లు పంచేది ఆయన ఉద్యోగం. వాళ్లిద్దరి మధ్య ఆ గొడవ ఎన్నడూ తీరలేదు. అవ్వకు నీళ్లు పండగనాటి వరన్నం. నాయనకు నీళ్లు రోజూ తినే అన్నం.

నీళ్ల మీద అనుమానానికి ఇంకో కారణం కూడా ఉందని నా అభిప్రాయం. ‘కంపెనీ’ అనే పేరు ఈ సీమలో మంచి పేరు కాదు. 1846లో, కాలవ పని మొదలవడానికి పదిహేనేళ్లు కూడా లేదు, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. భరణం మీద, ఇనాముల మీద మొదలైన గొడవ ఈ చుట్టుపక్కల రేనాడంతా పాకింది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోవెలకుంట్లలో ఉరితీశారు. తలను 1877 దాకా అక్కడి కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారని మా వైపు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ సంవత్సరాలు చూడండి. కాలవ తవ్విందీ, నీళ్లు పారిందీ, రైతులను రండి నీళ్లు తీసుకోండి అని పిలిచిందీ ఆ లోపలే. ఈస్టిండియా కంపెనీ వేరు, కాలవ కంపెనీ వేరు అని పల్లెలో రైతుకు ఎవరు విడమరిచి చెబుతారు? చెప్పినా ఎందుకు నమ్మాలి?

అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి ఉండేవాడు. 1866 కరువులో తన గాదెలు తెరిచి వేలమందికి అంబలి పోశాడు. ఆ దానానికి విక్టోరియా రాణి పేర బంగారు పతకం వచ్చింది. ఆయన పేరు మీద పాటలు కట్టి పాడుకున్నారు. కాలవ కంపెనీ సర్కారు దగ్గర అప్పు చేసిన ఏడు కూడా అదే. లక్షల పౌన్లు మట్టిలో పోసిన పని పక్కనే, ఒక రైతు ఇంటి గాదె జనాన్ని బతికించింది. నేను కాలవ మనిషిని, కాలవంటే నాకు ప్రాణం. అయినా ఈ మాట చెప్పకపోతే తప్పు.

తర్వాత పదేళ్లకు ధాతు కరువు, 1876 నుంచి 1878 దాకా. అప్పుడు మాత్రం రైతులు కాలవ మీదికి వచ్చారు. ఎక్కడా గింజ లేదు, కాలవ కింద మాత్రం పచ్చగా ఉంది. కరువు తీరి వానలు పడగానే మళ్లీ ఎక్కువమంది జొన్నకే వెళ్లిపోయారు. దీన్ని కూడా దొరలు మొండితనమే అన్నారు. నాకు మాత్రం ఇందులో తెలివే కనిపిస్తుంది. కరువులో నీళ్లు, మంచి రోజుల్లో నేల తడి. ఏది ఎప్పుడు వాడుకోవాలో తెలిసినవాడు చేసే పని అదే. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కాటన్ దొర తన కాలవల గురించి సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. 1882లో ప్రభుత్వం కంపెనీ నుంచి కాలవ కొనేసింది. వాటాదారులకు నష్టం రాలేదు.

ఇక పడవల సంగతి. పడవలు నడిచాయి. నంద్యాల దగ్గర పడవ అంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు గానీ, నిజంగానే నడిచాయి. అందుకోసమే గట్టు పక్కన లాగుడు దారి, నీళ్లు ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు దిగేచోట లాకులు కట్టారు. కానీ 1880ల చివరికి గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా నల్లమల దాటి బెజవాడ వైపు మీటర్‌గేజి రైలు వచ్చింది. దొరబావి లోయ మీద ఎత్తైన వంతెన, బొగద దగ్గర కొండ తొలిచిన సొరంగం. నంద్యాల స్టేషన్లో పత్తి బేలు ఎక్కిస్తే నేరుగా రేవుకు పోతుంటే, లాకు తలుపు తెరిచేదాకా ఎదురుచూసే పడవలో ఎవరు వేస్తారు? పడవలు తగ్గిపోతూ వచ్చి 1930లలో పూర్తిగా ఆగిపోయాయి. ఊళ్లో జిన్నింగు మిల్లులు, దళారులు, సత్రాలు, హోటళ్లు అన్నీ స్టేషన్ వైపు పెరిగాయి. ఊరు కాలవకు వీపు చూపించింది.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఒక పాత లాకు చూశాను. నల్లటి నాపరాయి గోడలు రెండు, పడవ ఒక్కటి పట్టేంత ఎడం. గోడలో తలుపు కూర్చోవడానికి నిలువునా తొలిచిన గాడి. గాడి అడుగున తలుపు ఇరుసు తిరగడానికి ఇనుప గూడు. తలుపులు ఎప్పుడో పోయాయి. రాళ్ల సందుల్లో సున్నం మాత్రం ఎక్కడా ఊడలేదు. నాతో వచ్చిన పాత లస్కరు ఆ గూడులో చెయ్యి పెట్టి ‘‘ఇంత గ్రీజు వేస్తే ఇప్పటికీ తిరుగుతాది సామీ’’ అన్నాడు. ఓడల కోసం కట్టిన ఆ గోడల మధ్యనుంచి పారిన నీళ్లే కింద వరి పండిస్తున్నాయి.

వరి ఎలా వచ్చిందంటే, నెమ్మదిగా వచ్చింది. ప్రభుత్వం చేతికి వచ్చాక తీరువాలు సర్దారు, తూములు పెట్టారు. కాలవకు దగ్గరగా ఉన్న పల్లపు నేలలు ముందు మళ్లయ్యాయి. నీళ్లు పోయే దారి ఉన్నచోట చౌడు రాదని రైతులు కనిపెట్టారు. 1953లో తుంగభద్ర డ్యామ్ వచ్చాక జనవరి భయం కొంత తగ్గింది. బచావత్ ట్రిబ్యునల్ కేసీ కెనాల్‌కు 39.9 టీఎంసీలు కేటాయించింది, అందులో పది టీఎంసీలు డ్యామ్ నుంచి రావాలి. మా ఆఫీసులో ఈ 39.9 అంకె రాని మనిషి లేడు. ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. ఏ మీటింగులోనైనా ఈ రెండు అంకెలతో మాట మొదలయ్యేది. ఆ నీళ్లు ఎన్నడు పూర్తిగా వచ్చాయన్న దగ్గర మాట ఆగిపోయేది.

1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204 వచ్చింది. సాంబ మసూరి. సన్న గింజ, పొడిపొడిగా ఉండే అన్నం. పుట్టింది కోస్తాలో, పేరు తెచ్చుకుంది ఇక్కడ. కర్నూలు సోనా, నంద్యాల సోనా అంటే హైదరాబాదులోనూ బెంగళూరులోనూ ఇంకో రెండు రూపాయలు ఎక్కువిచ్చి కొంటారు. ఆ రుచి నేలదని రైతులు, పాతబెట్టడందని మిల్లుదారులు అంటారు. రెండూ నిజమే అనుకుంటాను. నంద్యాల టెక్కె మార్కెట్ యార్డులో పాత వ్యాపారి ఒకాయన బియ్యం చూసే తీరు నేను చాలాసార్లు గమనించాను. బస్తాలో చెయ్యి మణికట్టు దాకా దూర్చి, లోపలి గింజ నాలుగు తీసి, అరచేతిలో ఊది, ఒక గింజ పంటి కింద పెట్టి కొరుకుతాడు. టక్కుమని విరిగితే పాతది. మెత్తగా నలిగితే కొత్తది, అన్నం ముద్దవుతుంది. మాట్లాడడు. విరిగిన చప్పుడు అమ్మేవాడికీ వినిపిస్తుంది, ధర అక్కడే తేలుతుంది.

అలా జొన్న సీమ సోనా సీమ అయింది. ఈ మార్పు మీద నాకు సంతోషం ఉంది, దిగులు కూడా ఉంది. మా అవ్వ తరంలో వరన్నం పండగలకే. నా పిల్లలకు జొన్నరొట్టె హోటల్లో కొనుక్కుని తినేది.

నంద్యాల, ఆళ్లగడ్డ ఒకే కాలవ ఊళ్లయినా గుణం ఒకటి కాదు. నలభై కిలోమీటర్లే దూరం. నంద్యాల కాలవ నడుమన ఉంది, రైలుంది, యార్డు ఉంది. ఇక్కడి మనిషి బేరం తొందరగా తేలుస్తాడు. గాంధీచౌక్‌లో నిలబడితే తెలుస్తుంది, మాట మొదలవకముందే లెక్క అయిపోయి ఉంటుంది. ఆళ్లగడ్డ, చాగలమర్రి వైపు మా జిల్లాలో చివరి ఆయకట్టు. అక్కడి రైతు ఎదురుచూడటం నేర్చినవాడు. పైన అందరూ తీసుకున్నాక మిగిలింది ఆయనకు. నీళ్లు ఎప్పుడు వస్తాయో ఆఫీసుకన్నా ముందు ఆయనకే తెలుస్తుంది. అడిగితే ‘‘గాలి చల్లబడిందిలే సామీ, రేపు మాపు వస్తాయి’’ అంటాడు. కోపం వస్తే మాత్రం ఆ కోపానికి అడ్డం లేదు.

వారబందీ పెట్టిన రోజుల్లో మా నాయన రాత్రిళ్లు గట్టు మీదే ఉండేవాడు. వారబందీ అంటే వంతుల వారీగా నీళ్లు. పై తూములు కట్టేస్తే తప్ప చివరికి నీళ్లు చేరవు. తూము షట్టరు దించడానికి ఇనుప తాళం చెవి ఒకటి, దాని బరువుకు భుజం పట్టేసేది. చీకట్లో లాంతరు పట్టుకుని వెళ్లి, షట్టరు దించి, చెవి గోడకు ఆనించి వినేవాడు. షట్టరు అడుగున రాయో కర్రో పెట్టి ఉంటే లోపల నీళ్లు బుసబుసమంటాయి. ఆ చప్పుడు వినిపిస్తే మళ్లీ ఎత్తి, నీళ్లలో దిగి, కర్ర తీసి, మళ్లీ దించాలి. తీసిన కర్ర ఎవరిదో ఆయనకు తెలుసు. ఎన్నడూ పేరు బయటపెట్టలేదు. ‘‘వాడి పైరు కూడా ఎండుతాంటది గదరా’’ అనేవాడు. నేను వర్క్ ఇన్‌స్పెక్టరునయ్యాక పోలీసు కాపలాతో తూములు మూయించిన రోజులున్నాయి. పోలీసులు ఉన్నంతసేపే నీళ్లు కిందికి వెళ్లేవి. మా నాయన లాంతరుతో పనైంది, ఎందుకంటే ఆయన మరుసటి రాత్రి కూడా వస్తాడని అందరికీ తెలుసు.

ఆళ్లగడ్డలో ఇంకో సంగతి ఉంది. ఆ ఊరి పంచాంగం కాలవకన్నా పాతది. కనుమనాడు అహోబిలం నుంచి స్వామి పార్వేటకు బయల్దేరతాడు. జ్వాలా నరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో ముప్పైకి పైగా ఊళ్లు నలభై రోజులకు పైగా తిరుగుతారు. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి అత్తవారి నల్లమల దిగి, పెళ్లికి పిలవడానికి ఊరూరా తిరుగుతున్నాడని నమ్మకం. ఏ ఊళ్లో ఏ రోజు దిగుతాడో, ఏ ఇంటివాళ్లు పల్లకి మోస్తారో తరతరాలుగా రాసిపెట్టినట్టు జరుగుతుంది. హింగారి జొన్న కోతకు వచ్చి కళ్లాలు నిండే రోజులవి. స్వామి తిరుగుడు మెట్టపంట లెక్కన పెట్టుకున్నదే అని నాకు అనిపిస్తుంది. ఇప్పుడు అప్పటికి వరి కోతలు అయిపోయి ఉంటాయి, పల్లకి ఖాళీ మళ్ల గట్ల మీదుగా పోతుంది. అహోబిలం గుడి పనుల నీడలో పెరిగిన శిల్పులు ఆళ్లగడ్డలో రోడ్డు పక్కనే పందిళ్లు వేసుకుని విగ్రహాలు చెక్కుతారు. ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉలి చప్పుడుకు, రాతిపొడికి అలవాటుపడిన ఊరది. నిదానంగా చెక్కితే తప్ప కాదని ఆ ఊరికి తెలుసు.

నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. 1906లో పెట్టారు. మొదట చూపంతా పత్తి మీదే. కానీ ఆ స్థానం మెట్టపంటలను వదల్లేదు, అందుకు ఆ శాస్త్రవేత్తలకు నా దండం. నరసింహ పత్తి అక్కడిదే. నంద్యాల తెల్లజొన్న అక్కడిదే. సూర్యనంది కొర్ర అక్కడిదే. కొత్తగా వచ్చిన ఇంకో కొర్ర రకానికి ‘రేనాడు’ అని పేరు పెట్టారు. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ధీర పప్పుశనగ కూడా వాళ్లదే. నీళ్లు అందని రేగళ్లలో ఇప్పుడు హింగారిలో జొన్న చోట ఎక్కువగా పప్పుశనగే. పని అదే, లోపలి తడి మీద పండించడం. దొరలు మొండితనమన్న తెలివిని ఒక ప్రభుత్వ కేంద్రం నూరేళ్లకు పైగా విత్తనాలుగా మార్చి ఇస్తోంది.

కంపెనీ తలపెట్టిన నెల్లూరు దారి కూడా చివరికి ఒకలా పూర్తయింది. 1983లో తెలుగుగంగ మొదలైంది. శ్రీశైలం నీళ్లు పోతిరెడ్డిపాడు దగ్గర తీసుకుని, బానకచెర్ల నుంచి వెలుగోడు మీదుగా, నల్లమల అంచున ఆళ్లగడ్డ తూర్పు వైపుగా బ్రహ్మంగారిమఠం, సోమశిల, కండలేరు దాటి 1996లో చెన్నైకి చేరాయి. పత్తి బేళ్లు పోవాల్సిన దారిన ఒక మహానగరానికి తాగునీళ్లు వెళ్తున్నాయి. అదే బానకచెర్ల నుంచి నిప్పులవాగులోకి వదిలే నీళ్లతో కేసీ దిగువ ఆయకట్టు కూడా బతుకుతోంది. చాగలమర్రి రైతు తుంగభద్ర నీళ్లని చెప్పుకునేవాడు ఇప్పుడు చాలా ఏళ్లు కృష్ణ నీళ్లే వాడుతున్నాడు.

జపాన్ అప్పుతో కేసీ కాలవను ఆధునీకరించారు. లైనింగు వచ్చింది, నీళ్లు ఇంకిపోవడం తగ్గింది. పాత రాతి కట్టడాలు చాలా కనుమరుగయ్యాయి. అవసరమైన పనే, వద్దని నేననను. కానీ లాకు రాళ్లను ఒక్కచోటైనా అలాగే ఉంచి, అది ఏమిటో, ఎవరు మోశారో రెండు ముక్కలు రాసిపెట్టి ఉండాల్సింది. ఇప్పటికైనా సంతజూటూరు దగ్గరో రాజోలి దగ్గరో ఆ పని చేయొచ్చు. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా అయింది. జిల్లాకు చరిత్ర రాయించేవాళ్లు గుళ్లతో పాటు తూములను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రిటైరైనా నేను కాలవ మీదికి వెళ్తుంటాను. మొన్న చాగలమర్రి వైపు వెళ్తే గట్టు మీద ఒక రైతు నాగలి చెట్టుకు ఆనించి కూర్చున్నాడు. పక్కన రెండు సంచులు. ఒకదాంట్లో సోనా వడ్లు, ఇంకోదాంట్లో పప్పుశనగ విత్తనాలు. నీళ్లు ఎప్పుడు వదులుతారు సామీ అని అడిగాడు. పదిహేనో తేదీకి అంటున్నారని చెప్పాను. ‘‘ఇరవై దాకా చూస్తా. రాకుంటే మా జేజినాయన చేసినట్టే చేస్తా’’ అని పప్పుశనగ సంచి దగ్గరికి లాక్కున్నాడు.